గిడ్డంగి అరలు - వాని తనిఖీ

గోదావరికి వరద వచ్చిన దినములలో రాత్రివేళ ఏటిగట్టు వెంబడి దీపములు కదలుచుండుట కోనసీమ వాసులకు క్రొత్త కాదు. గట్టు ఎంత ఎత్తుగ నున్నను, ఎంత వెడల్పుగ నున్నను, దానిని నమ్మి ఆ రాత్రులందు ఎవ్వరును నిద్రపోరు. గట్టునకు ఊరివైపున అడుగుభాగమున ఎచ్చటనైన ఊట పుట్టినదా, ఆ నీరు తేటగ నున్నదా, మట్టి కలిసి వచ్చుచున్నదా అని వంగి చూచెదరు. నీరు తేటగ నున్నచో కొంత ఊరట. బురదగ నున్నచో గట్టు లోపల మట్టి కరగిపోవుచున్నదని అర్థము. వెంటనే ఇసుక బస్తాలు వచ్చును, మనుష్యులు వచ్చెదరు. గండి పడిన పిమ్మట ఊరంతయు వచ్చి చూచినను ప్రయోజనము లేదు. పడక పూర్వము ఒక్కడు చూచినను చాలును.

ఈ సత్యమును గట్టుల విషయమున మన పెద్దలు అనుభవము వలన నేర్చిరి. అదే సత్యము మన ఊళ్లలోని గిడ్డంగులకును వర్తించునని చెప్పుటయే మా ఉద్దేశము. వరదనీరు పరుగెత్తును, గర్జించును. దానిని చూచి మనము భయపడుదుము. గిడ్డంగిలోని బరువు కదలదు, శబ్దము చేయదు. కదలని దానిని నిత్యము చూచుచున్న మనుష్యుడు దానికి భయపడుట మానును. అపాయమునకు మొదలు అదియే.

పూర్వము మన ఇండ్లలో ధాన్యమును గాదెలలోనో, ఎండుగడ్డితో పేనిన త్రాటిని చుట్టలుగ చుట్టి కట్టిన పురులలోనో నిలువ చేసెడివారు. కొబ్బరికాయలను కురిడీ కొరకు అటకలపై నెలల తరబడి ఉంచుట నేటికిని అంబాజీపేట ప్రాంతమున కలదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టా కాలువల క్రింద వరిసాగు విస్తరించెను. పంటతోపాటు వర్తకమును పెరిగెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, రైతునకు అప్పు దొరికినంత మాత్రమున చాలదు, పంటను దాచుకొను చోటు కూడ కావలెనని అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలన సంఘము తన 1954 నాటి నివేదికలో సూచించెను. ఆ వెనుక 1956లో గిడ్డంగుల చట్టమును, 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థయు, 1958లో మన రాష్ట్ర గిడ్డంగుల సంస్థయు, 1965లో భారత ఆహార సంస్థయు ఏర్పడినవి. సరకునకు పురుగు పట్టకుండ, తేమ తగులకుండ కాపాడు విద్య ఈ సంస్థలతో దేశమంతట వ్యాపించెను. సరకు మనిషిమీద పడకుండ కాపాడుటయు ఆ విద్యలో ఒక భాగమే. దానిని గురించియే ఇచ్చట ముచ్చటింతము.

నేటి గిడ్డంగులలో సరకును నిలుపు పద్ధతులు ముఖ్యముగ రెండు. మొదటిది మనకు చిరపరిచితమైన బస్తాల నెట్టు. రెండవది ఉక్కు అరల వరుస. ఎరువులు, బియ్యము, ధాన్యము నిలువ చేయుచోట నెట్టులే ఎక్కువ. పంపిణీ వర్తకుల గిడ్డంగులందును, శీతల గిడ్డంగులందును ఉక్కు అరలు కానవచ్చును. అరలు క్రొత్తవి, వాని గుణదోషములు మన పెద్దలు చెప్పియుండలేదు. కావున ముందుగ వానిని చూతము.

ప్యాలెట్ అనగా చెక్కపలకలు కొట్టి చేసిన బల్లపరుపు పీట. దానిపై పెట్టెలో బస్తాలో పేర్చి, ముందు రెండు ఇనుప నాలుకలు గల ఫోర్కులిఫ్టు బండితో పీటను సరకుతో సహా ఎత్తెదరు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సైన్యములు తమ సరంజామాను ఈ విధముగ విరివిగ తరలించినవి. యుద్ధానంతరము వర్తకలోకమును ఆ పద్ధతిని అందిపుచ్చుకొనెను. పీటలను ఒకదానిపై నొకటి ఎంత ఎత్తు పెట్టగలము? అడుగున నున్న సరకు నలిగిపోవును. అందువలన పీటకొక అర చొప్పున ఉక్కుతో అంతస్తులు కట్టిరి. ఇవియే ప్యాలెట్ ర్యాకులు.

పెంకుటిల్లు ఎరిగిన వారికి ఈ కట్టడము సులభముగ బోధపడును. నిలువున నిట్టాడులు కలవు. ముందుదొకటి, వెనుకదొకటి, రెండు నిట్టాడులను ఏటవాలు పట్టీలతో బిగించి ఒక నిచ్చెనవలె చేయుదురు. ఒక నిచ్చెననుండి మరియొక నిచ్చెనకు అడ్డముగ దూలములు వేయుదురు. దూలము కొనలందున్న కొక్కెములు నిట్టాడు రంధ్రములలో దిగును. అవి పైకి లేచిపోకుండ ఒక చిన్న చీల ఉండును. నిట్టాడు అడుగున ఒక ఉక్కుపలక, దానిని నేలకు పట్టియుంచు బోల్టులు ఉండును. ఇంతే కట్టడము. ఇందులో ఏ ఒక్కటియు పెద్ద వస్తువు కాదు. కాని వీనిపై నిలుచు బరువు పెద్దది.

లెక్క చూతము. ఒక అరవాకిట మూడు అంతస్తులు, అంతస్తునకు రెండు పీటలు, పీటకు ఒక టన్ను అనుకొందము. అప్పుడు ఒక వాకిటి బరువు ఆరు టన్నులు. వరుస నడుమనున్న ప్రతి నిచ్చెనయు తన ఎడమవాకిటి బరువులో సగము, కుడివాకిటి బరువులో సగము మోయును. అనగా నిచ్చెన ఆరు టన్నులు, దానిలోని ఒక్కొక్క నిట్టాడు మూడు టన్నులు మోయుచున్నది. ఆ నిట్టాడు చూచుటకు లావుగ నున్నను లోపల గుల్ల. ఇంచుమించు రెండు మిల్లీమీటర్ల మందముగల ఉక్కురేకును మడచి చేసినది. రేకునకు ఆ బలము మడతల వలననే వచ్చినది. మడత చెడినచో బలమును చెడును.

ఇంటనున్న పిల్లలతో ఒక చిన్న పరీక్ష చేయించవచ్చును. కొబ్బరి చీపురునుండి ఒక ఈనెను తీసి, బెత్తెడు ముక్కను బల్లపై నిలువుగ నిలిపి పైనుండి వ్రేలితో అదుమవలెను. అది కొంత ఒత్తిడికి ఓర్చును. తరువాత జానెడు ముక్కను అట్లే అదిమినచో స్వల్పమైన ఒత్తిడికే ప్రక్కకు వంగిపోవును. ఈనె అదియే, లావు అదియే. పొడవు మాత్రము పెరిగినది. సన్నని నిలువు స్తంభములు నలిగి పడవు, ప్రక్కకు వంగి పడును. ఆధారములేని పొడవు రెట్టింపైనచో మోయుశక్తి నాలుగవ వంతునకు తగ్గునని 18వ శతాబ్దిలో ఆయిలర్ అను స్విట్జర్లాండు గణితవేత్త లెక్క కట్టెను.

ఈ సూత్రము తెలియక గిడ్డంగులలో జరుగు పొరపాటు ఒకటి కలదు. ఎత్తైన పెట్టెలు వచ్చినపుడు, క్రింది దూలము అడ్డమని దానిని ఊడదీసి పైరంధ్రములలో తగిలించెదరు. బరువు పెరుగలేదు కదా, ఏమి నష్టమని అనుకొందురు. కాని నేలనుండి మొదటి దూలమువరకు గల దూరము పెరిగినది. జానెడు ఈనెకు పట్టిన గతియే నిట్టాడునకును పట్టవచ్చును. కావున దూలములను మార్చుట గిడ్డంగి గుమాస్తా ఇష్టానుసారము చేయవలసిన పని కాదు. అరలు తయారుచేసిన వారిని అడిగి, ఒక్కొక్క అంతస్తునకు ఎంత బరువు తగునో తెలిపెడు పలకను మరల వ్రాయించి, వరుస మొదట వ్రేలాడగట్టి చేయవలసిన పని.

ఇక పడుట ఎట్లుండునో చెప్పవలెను. అరల వరుసలో నిచ్చెనలన్నియు దూలములచేత ఒకదానికొకటి పెనవేసుకొని యున్నవి. నిలిచియున్నంతకాలము అవి ఒకదానికొకటి తోడు. ఒకటి కూలినచో ఆ తోడే పగయగును. కూలునది తన ప్రక్కదానిని లాగును, వరుస వరుసను త్రోయును. 2020 అక్టోబరు 2వ తేదీన బ్రెజిల్ దేశమునందలి సాంలూయిస్ నగరమున ఒక పెద్ద అంగడిలో ఇట్లే జరిగెను. ఒక వరుస ఒరిగి, దాని వెనుక తక్కిన వరుసలు కొన్ని క్షణములలో నేలగూలినవి. అచ్చట పనిచేయుచున్న ఒక యువతి మరణించెను, ఎనమండుగురు గాయపడిరి. 2016 మే నెలలో ఇంగ్లండునందలి ష్రాప్‌షైరులో ఒక గిడ్డంగి అరలు కూలగా, ఫోర్కులిఫ్టు నడుపు వాడొకడు జున్ను సరకు క్రింద కొన్ని గంటలు చిక్కుకొనెను. ప్రాణములతో బయటపడుట అతని అదృష్టము. ఇట్టి సమయములలో పరుగెత్తి తప్పించుకొందమన్నను వ్యవధి ఉండదు. తప్పించుకొను వ్యవధి అంతయు ముందటి వారములలో, నెలలలో ఉండును. అది తనిఖీకి ఉద్దేశింపబడిన కాలము.

కొంతకాలము క్రిందట మేము కోనసీమలోని ఒక పంపిణీ గిడ్డంగిని చూడబోయితిమి. ఊరు పేరు, యజమాని పేరు ఇచ్చట అవసరము లేదు. గిడ్డంగి శుభ్రముగ నున్నది. సరకు చక్కగ పేర్చియున్నది. మూడవ వరుస మలుపులో ముందు నిట్టాడు మోకాలి ఎత్తున లోపలికి నొక్కుకొని యున్నది. బండి తగిలిన దెబ్బ. దానిపై ఎవరో రంగుకూడ పూసియున్నారు. ప్రక్కనున్న జట్టు మేస్త్రిని అడిగితిమి.

"ఆయ్, అది ఎప్పటినుంచో అలాగే ఉందండి. ఇన్నాళ్లూ ఏమీ కాలేదండి," అని అతడు చెప్పెను.

ఆ మాటలో అబద్ధము లేదు. కాని అది ధైర్యము చెప్పు మాటయు కాదు. ఇన్నాళ్లు పడలేదనుట నిన్నటి బరువునకు సాక్ష్యము. రేపటి బరువునకు కాదు. మేము మీటరు పొడవుగల తిన్నని బద్దను ఆ నిట్టాడునకు ఆనించి చూచితిమి. బద్దకును ఉక్కునకును నడుమ సందు 9 మిల్లీమీటర్లు. ఆ దిశయందు ఉండదగినది 3 మిల్లీమీటర్లు మాత్రమే.

యజమాని వచ్చెను. మర్యాదస్థుడు. బద్దను తానును ఆనించి చూచెను. "ఈ నెల సరుకు వెళ్లిపోనివ్వండి, తరవాత చూద్దాం," అనెను. పండుగ దగ్గరపడుచున్నది, ఆయన తొందర ఆయనది. అప్పుడు అంతవరకు ఊరకున్న మేస్త్రి మెల్లగ నోరు విప్పెను. "మా కుర్రోళ్లు మధ్యాహ్నం ఆ సందులోనే కూర్చుని అన్నాలు తింటారండి, బాబుగారూ."

యజమాని మరి మాటాడలేదు. ఆ సాయంకాలమే నిట్టాడునకు ఇరువైపుల నున్న రెండు వాకిళ్లను పైనుండి క్రిందికి వరుసగ ఖాళీ చేయించెను. సరకు దించిన పిమ్మట అడుగుపలక చూడగా, నేలబోల్టులలో ఒకటి తుప్పుపట్టి చేతితో పట్టుకొనగనే ఊడివచ్చెను. సరకు నిండుగ నున్నంతకాలము అది ఎవ్వరి కంటను పడలేదు. ఏ ప్రమాదమును జరుగలేదు. అర పూట పని ఆగినది, అంతే. తనిఖీ సఫలమైనచో చెప్పుకొనుటకు కథ ఏమియు మిగులదు. అందుచేతనే కాబోలు దానిని గూర్చి ఎవ్వరును చెప్పుకొనరు.

ఆ గిడ్డంగిలో గ్రుడ్డివారెవ్వరును లేరు. అందరును ఆ నిట్టాడును నిత్యము చూచుచున్నవారే. నిత్యము చూచుట వేరు, తనిఖీ చేయుట వేరు. కన్ను అలవాటుపడిన దానిని విడిచిపెట్టును. అందువలన తనిఖీకి మూడు కావలెను: నియమితమైన దినము, కొలిచెడు బద్ద, వ్రాసెడు పుస్తకము. దినము లేనిచో పని వాయిదా పడును. బద్ద లేనిచో తగవు వచ్చును. పుస్తకము లేనిచో గతవారము 3 మిల్లీమీటర్లున్న వంపు ఈ వారము 5 అయినదని ఎవ్వరికిని తెలియదు.

ఐరోపా దేశములవారు 2008లో వెలువరించిన ఒక ప్రమాణము ఈ తనిఖీని మూడు మెట్లుగ విభజించినది. మొదటిది, దెబ్బను చూచిన వాడెవడైనను తత్క్షణమే చెప్పుట. రెండవది, గిడ్డంగిలో అందుకై నియమింపబడిన వ్యక్తి ఒకడు వారమున కొకసారి, లేదా అచ్చటి అపాయమును అంచనా వేసి నిర్ణయించిన గడువున, వరుసలన్నియు నడచి చూచి పుస్తకమున వ్రాయుట. మూడవది, ఈ విద్య తెలిసిన నిపుణుడు 12 నెలలు మించకుండ వచ్చి చూచుట. ఈ మెట్లు మన గిడ్డంగులకును చక్కగ సరిపోవును.

వారపు తనిఖీ చేయువాడు క్రిందినుండి పైకి చూచుట మంచిది. అడుగుపలక నేలకు సమముగ ఆనినదా? బోల్టులు కదలుచున్నవా? నేల పగిలినదా, క్రుంగినదా? తరువాత నిట్టాడు. బండి దెబ్బలు ఎక్కువగ తగులునది నేలనుండి ఒక మీటరు లోపల. అచ్చట కన్ను నిలుపవలెను. మీటరు బద్దతో కొలిచినపుడు దూలముల వరుస దిశయందు వంపు 5 మిల్లీమీటర్లు, నిచ్చెన లోతు దిశయందు 3 మిల్లీమీటర్లు, ఏటవాలు పట్టీలందు 10 మిల్లీమీటర్లు మించరాదు. పిమ్మట దూలము. బరువున్నపుడు కొంచెము క్రుంగుట సహజమే. కాని పొడవులో 200వ వంతు మించరాదు. 2 మీటర్ల 70 సెంటీమీటర్ల దూలమునకు ఇది 13 మిల్లీమీటర్ల పైచిలుకు. బరువు దించినను తిన్నబడని దూలము పాడైన దూలము. తరువాత చీలలు, ఒక్క చీల లేకున్నను, క్రిందినుండి బండి నాలుక తగిలి దూలము లేచిపోవచ్చును. చివరకు పీటలు, విరిగిన పలకగల పీటను పైఅరకు ఎక్కించరాదు.

చూచిన దోషమునకు మూడు రంగులు నిర్ణయించిరి. వంపు పరిమితిలో నున్నచో ఆకుపచ్చ: వ్రాసి యుంచి, మరల వచ్చు వారము చూడవలెను. పరిమితిని మించి, దానికి రెట్టింపు లోపల నున్నచో నారింజ: ఉన్న సరకు ఉండవచ్చును గాని, ఒకసారి దించిన పిమ్మట మరమ్మతు కానిదే మరల ఎక్కించరాదు, నాలుగు వారములలో మరమ్మతు చేయవలెను. రెట్టింపు మించినచో ఎరుపు: తత్క్షణమే సరకు దించి ఆ చోటును మూసివేయవలెను. మేము చూచిన నిట్టాడు 3కు బదులు 9 వంగినది; అది ఎరుపునకు చెందినది. ఈ పద్ధతిలోని మేలు ఏమనగా, "దించవలెనా, వలదా" అను వాదము మనుష్యుల నడుమ జరుగదు. బద్దయే తీర్పు చెప్పును.

మరమ్మతు విషయమున ఒక హెచ్చరిక. వంగిన నిట్టాడును సుత్తితో కొట్టియో, మంటతో కాల్చియో తిన్నచేయుట, విరిగినచోట వెల్డింగు అతుకు వేయుట మన ప్రాంతమున సులభముగ తోచు మార్గములు. చవుకయు, త్వరితమును. కాని రేకు మడతలో పుట్టిన బలము సుత్తిదెబ్బకు తిరిగిరాదు. మంటకు ఉక్కు గుణము మారును. పైకి తిన్నగ కనబడు స్తంభము వంగిన స్తంభముకంటె మోసకరమైనది, ఏలయన వంగినది తన దోషమును తానే చెప్పుచున్నది. దెబ్బతిన్న భాగమును తీసివేసి, అదే తయారీకి చెందిన భాగమును వేయుటయే సరియైన పని.

కోనసీమకు ప్రత్యేకమైన చిక్కులు మూడు కలవు. ఒకవైపు గౌతమి, మరియొకవైపు వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణమున బంగాళాఖాతము - ఈ నేలకు నీటితో విడదీయరాని చుట్టరికము. మొదటి చిక్కు ఉప్పుగాలి. సముద్రపు గాలిలోని ఉప్పు తేమను పట్టియుంచి ఉక్కును తినును. తుప్పు రంగుక్రింద దాగి, తాను పుట్టిన ఉక్కుకంటె ఎక్కువ చోటు ఆక్రమించి, రంగును పొక్కులుగ ఉబ్బించును. కావున పొక్కును గీకి చూడవలెనే గాని, దానిపై మరల రంగు పూయరాదు. రెండవ చిక్కు ఒండ్రునేల. మెత్తని నేలపై వేసిన గచ్చు ఒకచోట క్రుంగినచో, నిట్టాడు ఒరుగును. ఒరిగిన నిట్టాడునకు నిలువు బరువే ప్రక్కబరువగును. తాపీపనివారి తూకపుగుండు వ్రేలాడదీసినచో ఆ ఒరుగు తెలియును. మూడవది వరద, తుపాను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమ కొబ్బరితోటలను ఎట్లు నేలకూల్చెనో చూచినవారు మరువలేరు. 2022 జూలైలో ధవళేశ్వరము వద్ద 25 లక్షల క్యూసెక్కులు మించి వరద పారగా లంకగ్రామములు మునిగినవి. నీరు చొచ్చిన గిడ్డంగిలో నీరు తీసిన వెంటనే యథాప్రకారము పని సాగించుట తగదు. నేలక్రింది మట్టి కొట్టుకొనిపోయి యుండవచ్చును. అట్టి సమయమున వారపు దినముకొరకు వేచియుండక, అదే దినమున తనిఖీ చేయవలెను.

ఇక బస్తాల నెట్టు. ఇందు ఉక్కు లేదు. బస్తాయే నిట్టాడు, బస్తాయే దూలము. 50 కిలోల బస్తాలు 20 వరుసల ఎత్తు పేర్చినచో అడుగుబస్తాపై 19 బస్తాల బరువు, అనగా 950 కిలోలు, పడుచున్నవి. ఒక వరుస నిలువుగను, దానిపై వరుస అడ్డముగను వేసి కట్టుగ పేర్చుటలోనే నెట్టు బలమున్నది. ఇది పుస్తకములలో నేర్చినది కాదు; జట్టు కూలీలు తరతరములుగ చేతులతో నేర్చినది. నెట్టును తనిఖీ చేయువాడు అడుగుచెక్కలకు చెదలు పట్టినవా, గోడనుండి తేమ దిగుచున్నదా, ఎలుకలు అడుగుబస్తాను కొరికి గింజలు కార్చుచున్నవా, నడుమ పొట్టవచ్చినదా అని చూడవలెను. నేలపై గింజలు జాలుగ కారుచుండుట ఏటిగట్టు అడుగున బురద ఊటవంటిది. పొట్టవచ్చిన నెట్టు ప్రక్కన నిలువరాదు. దానిని పైనుండి విప్పవలెను. తొందరపడి అడుగుబస్తాను లాగుట ప్రాణముతో చెలగాటము.

ఇంతవరకు చెప్పినది వస్తువులను గూర్చి. అన్నింటికంటె కష్టమైనది మనుష్యులను గూర్చినది. బండి నిట్టాడునకు తగిలినపుడు ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడే - బండి నడుపువాడు. చెప్పినచో కూలి కోసెదరను భయమున్నచో అతడు చెప్పడు. అతడు చెప్పనిచో వారపు తనిఖీవరకు ఆ దెబ్బ అట్లే ఉండును. ఆ నడుమ దినములలో దానిక్రింద నడచువాడు ఎవడో మనకు తెలియదు. కావున చెప్పినవానికి శిక్ష లేదని యజమాని తన నోటితో, అందరు వినగా చెప్పవలెను. చెప్పిన మాటను నిలుపుకొనవలెను. దెబ్బ తగిలించుట పొరపాటు. దాచుట మాత్రమే నేరము. ఈ ఒక్క కట్టుబాటు అనేకమైన పరికరములకంటె ఎక్కువ ప్రాణములను కాపాడగలదు.

చట్టమును ఈ దారినే నడచినది. 2020లో మన పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి, పనిచోటు అపాయరహితముగ నుంచు బాధ్యతను యజమానిపై నిలిపినది. ప్రాణాపాయము ముంచుకొని వచ్చుచున్నదని తోచినచో యజమాని దృష్టికి తెచ్చు హక్కును పనివానికి ఇచ్చినది. హక్కు కాగితముపై నున్నంత మాత్రమున చాలదు. మేము చూచిన గిడ్డంగిలో ఆ రోజు పని జరిపినది చట్టము కాదు. "అన్నాలు తింటారండి" అను ఒక మాట. ఆ మాట అనుటకు ఒకడు సాహసించెను, వినుటకు ఒకడు సిద్ధపడెను. రెండును కావలెను.

ఇంటనుండి దీనిని చదువువారు, ఇది వర్తకుల గొడవ కదా అని అనుకొనవచ్చును. కాని మన ఇండ్లలోను అటకలు కలవు. కురిడీ కొరకు పదివేల కాయలు ఎక్కించినచో, కాయ అరకిలో లెక్కన అయిదు టన్నులు మన తలలమీద నున్నట్లే. ఆ అటక వాసములను, గోడలో వాని కొనలు దిగినచోటును కడపటిసారి ఎప్పుడు దీపము పట్టుకొని చూచితిమి? కాయలు దింపిన పిమ్మట, క్రొత్తకాయలు ఎక్కింపక పూర్వము, ఒక పూట చెదలు చూచుటకు, చెడిన వాసము మార్చుటకు వినియోగించినచో చాలును. చెట్టెక్కు మనిషి తన మోకును ప్రతిదినము చేతితో తడిమి చూచుకొననిదే మ్రానుపై కాలు పెట్టడు. నిన్న తెగలేదు కదా అని అతడు అనుకొనడు.

మన ఇంటినుండి ఎవరైనను గిడ్డంగి పనికి పోవుచున్నచో, సాయంకాలము వారు వచ్చినపుడు ఒక మాట అడుగవచ్చును: "మీరు మధ్యాహ్నము కూర్చుండుచోట పైన ఏమున్నది? దానిని ఎవరు చూచుచున్నారు? ఏ రోజున?" ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికినచో ఆ గిడ్డంగిలో గట్టుకాపు ఉన్నాడని అర్థము. దొరకనిచో, ఆ ప్రశ్న మరునాడు గిడ్డంగికి చేరవలెను.